స్కానరు పెట్టిన బొట్టు

నా నుదురు ముప్ఫై ఏళ్ళపాటు ఖాళీగా ఉంచుకున్నాను. అందుకు పడిన శ్రమ తక్కువేం కాదు. పెళ్ళిళ్ళలో గంధం గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడే వాళ్ళతో వాదించాను. బడిలో సరస్వతీ పూజ నాడు హెడ్మాస్టరుతో వాదించాను. నా పెళ్ళిలో పురోహితుడితో వాదించి నెగ్గాను కానీ, ఫోటోగ్రాఫరు దగ్గర ఓడిపోయాను. బొట్టు లేని పెళ్ళికొడుకుని తీస్తే తన స్టూడియోకి ఇంకెవరూ రారని అతను అలిగాడు. నేనూ అలిగాను. మా ఆల్బంలో సగం ఫోటోల్లో నేను లేకపోవడానికి కారణం అదే. తెలియనివాళ్ళు చూస్తే మా ఆవిడ ఎవరూ దొరక్క ఒక్కతే పెళ్ళి చేసుకుందనుకుంటారు.

అలాంటి నుదుటి మీద జగ్గయ్యపేటలో ఒక యంత్రం, నన్ను మాటమాత్రం అడక్కుండా, ఎర్రగా గుండ్రంగా బొట్టు పెట్టింది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో ప్రభుత్వానికి కంప్యూటర్ల మీద భక్తి కుదిరింది. భక్తి అన్న మాట తెలిసే వాడుతున్నాను. అంతకు ముందు ఆఫీసుకి వెళితే గుమస్తా "అయ్యగారు లేరు, రేపు రండి" అనేవాడు. ఆ అయ్యగారు టీ కొట్టు దగ్గర మనకు కనిపిస్తూనే ఉండేవాడు కాబట్టి పట్టుకుని నాలుగు మాటలు అనడానికి వీలుండేది. కొత్త పద్ధతిలో "సర్వర్ డౌన్" అనడం మొదలుపెట్టారు. సర్వర్ ఎక్కడుంటుందో ఎవరికీ తెలియదు. ఎప్పుడు లేస్తుందో తెలియదు. ఎందుకు అలిగిందో అడగకూడదు. లేచిందని ఎవరో కేక వేస్తే అందరూ ఒక్కసారిగా నిలబడి వరుసలోకి తోసుకుంటారు. దేవుడి ఉనికి మీద నాతో వాదించిన ఏ పండితుడికీ ఇంత చక్కని ఉదాహరణ తట్టలేదు.

అయినా నిజం చెప్పాలి. యంత్రం అంటే నాకు గౌరవం. తొంభైలలో నందిగామ బస్టాండు పక్కన "కంప్యూటర్ జాతకం" అని బోర్డు కట్టినప్పుడు దాని మీద మూడు వ్యాసాలు రాసి, ఒక చర్చాసభ కూడా పెట్టించాను. తప్పు యంత్రానిది కాదు, దాని నోట్లో జాతకం కుక్కిన మనిషిది అని గంటసేపు మాట్లాడాను. యంత్రానికి మతం లేదు, కులం లేదు, అది ఎవరి మొహం చూసీ పని చెయ్యదు అని ముగించాను. చప్పట్లు బాగానే పడ్డాయి. సభ అయ్యాక అధ్యక్షుడు పక్క సందులోంచి వెళ్ళి జాతకం వేయించుకున్నాడని తరవాత తెలిసింది. అది వేరే సంగతి.

అందుకే ఫోటో ఉన్న కొత్త గుర్తింపు కార్డులు ఇస్తామని ప్రకటించినప్పుడు, మా వీధిలో నేనే ముందు సంతోషించాను. జనం దాన్ని ఆన్‌లైన్ కార్డు అన్నారు. ప్రభుత్వం నుంచి ఏది అందుకోవాలన్నా ఇక అదే చూపించాలి.

ఆ కార్డుతో నాకంటే మా అక్కకు ఎక్కువ పని. బావ పోయి అప్పటికి పన్నెండేళ్ళు. అప్పట్నుంచీ అక్క జగ్గయ్యపేటలో మా ఇంట్లోనే ఉంటోంది. వితంతు పింఛను మాత్రం ఆమె అత్తగారి ఊరైన నందిగామ ఆఫీసులో ఉంది. గడువులోగా కొత్త కార్డుతో స్వయంగా వెళ్ళి నమోదు చేయించుకోకపోతే పింఛను ఆగిపోతుందని కబురొచ్చింది. అది పెద్ద మొత్తమేమీ కాదు. కానీ అక్క జీవితంలో ఎవరినీ చెయ్యి చాచి అడగకుండా వచ్చేది అదొక్కటే. వక్కపొడి, వారపత్రిక, ఎప్పుడైనా రిక్షా, అన్నీ అందులోంచే. నేను ఇస్తానంటే తీసుకునేది కాదు. "నువ్విస్తే నువ్విచ్చినట్టుంటది. అదైతే నాదే" అనేది.

అక్క బొట్టు పెట్టుకోదు. బావ పోయాక ఊళ్ళో వాళ్ళు మాన్పించారు. పెట్టుకోమని పన్నెండేళ్ళుగా నేను పోరుతున్నాను. పెట్టుకోకపోవడం నా పని, పెట్టించడం కూడా నా పనే కావడంతో ఆమె నన్ను ఎప్పుడూ ఒకటే అడిగేది.

"నువ్వు పెట్టుకోవు. నన్ను పెట్టుకోమంటావు. అసలు నీ సిద్ధాంతం ఏంట్రా?"

"నేను మానేస్తే అది నా ఇష్టం అక్కా. నీ చేత మాన్పించారు, అది అన్యాయం."

"బానే ఉంది. వ్యాసం రాసుకో. వీధిలో నడిచేది నేను."

ఇక కార్డు సెంటరు సంగతి. జగ్గయ్యపేటలో ఆ పని తీసుకున్నాయన అంతకు ముందు పాతికేళ్ళు టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపారు. టైపు మిషన్లు మూలపడ్డాక అదే గదిలో, అవే బల్లల మీద కంప్యూటర్లు పెట్టారు. పని మీద శ్రద్ధ గల మనిషి. జనం తెచ్చిన పాస్‌పోర్టు ఫోటోలు స్కానరు అద్దం మీద వంకరగా పడుతున్నాయని, అట్టముక్కలో ఫోటో సైజు కిటికీ కోసి అద్దానికి అంటించారు. ఏ ఫోటో అయినా ఆ కిటికీలో బోర్లా పెడితే సరిగ్గా ఒకే చోట కూర్చుంటుంది. ఆ తెలివిని నేను స్వయంగా మెచ్చుకున్నాను.

కార్డులు రెండు నెలలకు వచ్చాయి. అక్క తన కార్డు కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూసింది.

"ఒరేయ్. నాకు బొట్టు పెట్టారు."

చూశాను. నుదుటి మధ్యన, కనుబొమల పైన, కొలిచి పెట్టినట్టు. నవ్వొచ్చింది. ఆ నవ్వు నా కార్డు తీసి చూసుకునేదాకానే నిలిచింది.

హేతువాదికి ముందు ఆధారాలు కావాలి. వీధిలో పది ఇళ్ళకు తిరిగి కార్డులు చూపించమన్నాను. అందరికీ ఉంది. చుక్క అన్ని కార్డుల్లో ఒకే చోట ఉన్నా ఫోటోల్లో మొహాలు ఒకే కొలతలో ఉండవు కదా. ఒకాయనకు బట్టతల నడినెత్తిన పడింది. ఇంకొకాయనకు మీసం మీద. పాస్టరు గారికి ముక్కు చివర. ఎవరికీ పట్టింపు లేదు. "కార్డు వచ్చింది, అదే పదివేలు" అన్నారు. సరిగ్గా నుదుటి నట్టనడుమ పడింది ఇద్దరికే. ఊరు బొట్టు మాన్పించిన మా అక్కకూ, ఊరందరి చేతా మాన్పించాలని తిరిగిన నాకూ.

కార్డు పట్టుకుని సెంటరుకి వెళ్ళాను.

"ఏంటండీ ఇది?"

"కార్డండి మాస్టారూ."

"కార్డని తెలుసు. నుదుటి మీద ఏంటిది?"

ఆయన కళ్ళజోడు పైకెత్తి చూశారు. "బొట్టండి."

"నేను బొట్టు పెట్టుకోనని మీకు తెలుసా, తెలీదా?"

"అయ్యో, తెలీకపోవడమేంటండీ. పెళ్ళిలో కూడా పెట్టుకోలేదంటగా. మరి కార్డులో ఎందుకు పెట్టుకున్నారు?"

వాదనలో ఎదుటివాడు మంచివాడైతే గెలవడం కష్టం. నేరుగా వెళ్ళి స్కానరు మూత ఎత్తాను. అట్ట కిటికీ నడుమ, అద్దం మీద, ఎర్రగా కుంకుమ చుక్క!

"ఇదేంటి?"

"దసరాకి ఆయుధపూజ చేసానండి. కీబోర్డుకి, ప్రింటరుకి, దీనికి. టైపు మిషన్లున్నప్పట్నుంచీ చేస్తున్నా."

"అద్దం మీద పెడతారా ఎవరన్నా?"

"మూత మీద పెట్టాననుకోండి, ఎత్తీ దించీ చేతులకి అంటుకుంటదని లోపల పెట్టా. భద్రంగా ఉంటదని."

"తుడవండి ముందు."

ఆయన మూతకు అడ్డంగా చెయ్యి పెట్టారు. "అమ్మో, పూజలో పెట్టింది మన చేత్తో తుడవకూడదండి. దానంతటదే రాలిపోవాలి."

"ఎప్పుడు రాలుద్ది?"

"ఆముదంలో కలిపి పెడతానండి. టైపు మిషన్లకైతే టకటకా కొట్టీ కొట్టీ ఉగాదికల్లా రాలిపోయేది. దీనికి కదలిక లేదు కదా. మీరు చెప్పండి, మీరు సైన్సు మాస్టారు."

సైన్సు మాస్టారికి కోపం వచ్చింది. కార్డు సరిదిద్దాలంటే ఏం చెయ్యాలని అడిగాను. కంప్లైంటు రాసిమ్మన్నారు. అది విజయవాడ వెళుతుందట. ఒక్క కార్డు విడిగా సరిచేసే వీలు సర్వర్లో లేదట. మా వీధి బ్యాచ్ మొత్తం రద్దు చేసి మళ్ళీ పంపుతారట. "ఇంకో మూడు నెలలు పట్టుద్దండి" అన్నారాయన, చాలా మామూలుగా.

ఇంటికొచ్చి మూడు పేజీల కంప్లైంటు రాశాను. పౌరుడి నుదుటి మీద రాజ్యానికున్న అధికారాల గురించి అందులో ఒక పేరా ఉంది. నేను రాసిన వాటిలో ఇప్పటికీ అదే మంచి పేరా అనుకుంటాను. అక్కకు చదివి వినిపించాను. ఆమె మినప్పప్పులో రాళ్ళు ఏరుతూ చివరిదాకా విన్నది.

"బ్యాచ్ మొత్తం రద్దయితే నా కార్డు కూడా పోద్దిగా?"

"కొత్తది వస్తుంది అక్కా."

"మూడు నెలలకి. నందిగామలో గడువు వచ్చే బుధవారం."

ఆమె ఇంకో రాయి ఏరి పక్కన పడేసింది.

"బొట్టుకి అర్థం లేదంటావుగా నువ్వు?"

"లేదు."

"అర్థం లేనిదాన్ని చెరపడానికి మూడు పేజీలెందుకురా?"

ముప్ఫై ఏళ్ళ సభల్లో ఇలాంటి ప్రశ్న ఒక్క పండితుడూ వెయ్యలేదు. వేసి ఉంటే నేను అప్పుడే వేదిక దిగిపోయేవాణ్ణి. కాగితాలు మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాను. పంపలేదు, అలా అని చించలేదు. మర్నాడు పొద్దున అక్క కిటికీ దగ్గర వెలుతురుకి ఎదురుగా కార్డు పట్టుకుని చూసుకుంటోంది. నేను చూశానని గమనించి, "సంతకం సరిగ్గా పడిందా లేదా అని" అంది. సంతకం ఉండేది ఆ వైపు కాదు.

బుధవారం పొద్దున్నే బస్సెక్కాం. చిల్లకల్లు దాకా నిలబడే వెళ్ళాం, అక్కడ ఎవరో దిగితే అక్కకు సీటు దొరికింది. నందిగామ ఆఫీసు దగ్గర వరుస గేటు దాటి రోడ్డు మీదికి వచ్చేసింది. సర్వర్ పదకొండింటికి లేచింది. మా వంతు వచ్చేసరికి మధ్యాహ్నం రెండు. గడువు ఆ సాయంత్రంతో సరి.

కౌంటరు దగ్గరున్న గుమస్తా కార్డు తీసుకుని అక్క మొహం చూశాడు, కార్డు చూశాడు, మళ్ళీ మొహం చూశాడు. బొట్టున్న ఆడమనిషికి వితంతు పింఛను ఏంటని అంటాడు, అనగానే ఏం చెప్పాలో బస్సులోనే వరసగా సిద్ధం చేసుకున్నాను. వితంతువు బొట్టు పెట్టుకోకూడదని ఏ చట్టంలో ఉందో చూపించమనడం అందులో మొదటిది.

అతను ఆ మాట అనలేదు. కార్డు వెనక్కి తిప్పి గట్టిగా చదివాడు.

"గుర్తింపు చిహ్నం: నుదుటి మధ్యన ఎర్రని మచ్చ. ఏదమ్మా మచ్చ?"

అక్క నా వైపు చూసింది. నేను కార్డు లాక్కుని చదివాను. నిజంగానే అలా ఉంది. చదివాకే ఏదైనా నమ్మండని ఊరూరా చెప్పినవాణ్ణి, నా కార్డు వెనక వైపు చదవలేదు. జగ్గయ్యపేట నుంచి పుట్టుమచ్చల గడి ఖాళీగా వెళ్ళిందని తరవాత తెలిసింది. విజయవాడలో కూర్చుని టైపు చేసేవాళ్ళు ఫోటోలో కనిపించింది కనిపించినట్టు నింపారు. ఆ లెక్కన పాస్టరు గారి కార్డులో ఏం రాసి ఉంటుందో ఊహించుకోవచ్చు.

"అది మచ్చ కాదండీ" అన్నాను. "స్కానరు అద్దం మీద కుంకుమ."

"సార్, కుంకుమా గింకుమా నాకు తెల్వదు. రికార్డులో మచ్చ ఉంది. మనిషికి లేదు. మ్యాచ్ అవ్వాలె." అతనిది అటు కోదాడ వైపు అనుకుంటాను.

"మొహం చూడండి! ఆవిడ ఈవిడే కదా!"

"ఆవిడే. నేను కాదన్నానా? మచ్చ అడుగుతున్నా."

"మచ్చ ఎక్కణ్ణుంచి తెస్తారండీ ఎవరన్నా?"

"సాక్షి ఎవరు?"

"నేనే. తమ్ముణ్ణి."

"మీ కార్డివ్వండి." తిప్పి చదివాడు. చదువుతుంటే పెదవి వణికింది, నవ్వు ఆపుకున్నాడు. "మీక్కూడా ఉంది సార్ మచ్చ. మీరూ తేలేదు."

వెనక వరుసలో నవ్వులు. "ఇంట్లో మర్చిపోయొచ్చారేమో మాస్టారూ!" అని ఎవరో అన్నారు. ఇంకెవరో "చిల్లకల్లులో బస్సు మారినప్పుడు పడిపోయుంటదిలే" అన్నారు. మేం బస్సు మారలేదని చెప్పబోయి ఆగాను. నేను జేబులోంచి మూడు పేజీలు తీశాను. రాజ్యం, పౌరుడు, నుదురు అనే పేరా మొదలుపెట్టాను. గుమస్తా గోడగడియారం వైపు చూశాడు. వెనకాల చంకలో పసిపిల్లతో నిలబడ్డ ఒకామె విసుక్కుంటూ చేతిసంచి తెరిచి, స్టిక్కర్ బొట్ల అట్ట ఒకటి తీసి ముందుకు చాచింది.

"ఇదిగో పెద్దమ్మా, మచ్చ. పెట్టుకో. మా పని కానీయండి. పిల్ల ఏడుస్తంది."

అక్క ఆ అట్ట వైపు చూసింది. నేను పన్నెండేళ్ళు చెప్పిన మాటలన్నీ ఆమె వైపు నిలబడి ఉన్నాయనుకున్నాను. ఆమె నా వైపు చూడను కూడా లేదు.

"మచ్చే కదా బాబూ?" అని గుమస్తానే అడిగింది. "బొట్టు కాదుగా?"

"రికార్డులో మచ్చనే ఉందమ్మా. బొట్టన్న మాటే లేదు."

అక్క ఒక స్టిక్కరు ఒలిచి, అద్దం లేకుండానే, తడుముకోకుండా సరిగ్గా మధ్యన అతికించుకుంది. పన్నెండేళ్ళ తరవాత కూడా వేలికి ఆ చోటు గుర్తుంది.

గుమస్తా టిక్కు పెట్టాడు. "సాక్షి."

నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఇది సూత్రానికి సంబంధించిన విషయమని చెప్పాను. ఇవాళ నేను తలవంచితే రేపు ఇంకొకరు వంచాలని చెప్పాను. నా గొంతు నాకే సభలో వినిపించినట్టు వినిపించింది.

"ఒరేయ్" అంది అక్క. "తల వంచు."

ఆమె పొట్టి, నేను పొడుగు. అంతకు మించి ఆ మాటకు అర్థమేమీ లేదు. అయినా వరుసంతా పగలబడి నవ్వింది. వంచాను. ఆమె అట్టలోంచి ఇంకొకటి ఒలిచి నా నుదుటికి అతికించి, ఊడిపోకుండా బొటనవేలితో గట్టిగా నొక్కింది. నా పెళ్ళిలో పురోహితుడు కూడా అంత దగ్గరికి రాలేకపోయాడు.

"మచ్చ ఉంది" అన్నాడు గుమస్తా. టిక్కు పెట్టాడు. ముద్ర కొట్టాడు. రసీదు అక్క చేతికిచ్చాడు. పింఛను ఆగకుండా నిలబడింది.

నాది మెట్ల మీదే పీకేశాను. జేబులో ఉన్న మూడు పేజీలకు అది అంటుకుపోయిందని ఇంటికెళ్ళాక చూశాను. అక్కది తియ్యమని నేను అనలేదు, ఉంచుకోమనీ అనలేదు. బస్సులో నోరు విప్పితే ఏం జరుగుతుందోనని నా బతుకులో మొదటిసారి గంటసేపు మాట్లాడకుండా కూర్చున్నాను. ఆమె కిటికీ పక్కన కూర్చుని గాలికి కొంగు ఎగురుతుంటే ఒక చేత్తో కొంగు, ఇంకో చేత్తో నుదురు పట్టుకుంది.

జగ్గయ్యపేటలో దిగి వీధి మలుపు దాకా వచ్చాక అక్క అడుగు నెమ్మదించింది. ఎదురింటి పెద్దావిడ అరుగు మీద కూర్చుని ఉంది. ఆవిడ భర్త పోయి ఇరవై ఏళ్ళ పైమాటే. వీధిలో ఎవరు ఏం కట్టారో, ఏం పెట్టారో ఆవిడ కంట పడకుండా పోదు. నేను ముందుకు వెళ్ళి అడ్డంగా నిలబడదామనుకున్నాను. రాజ్యం, పౌరుడు, నుదురు మళ్ళీ గుర్తుకొచ్చాయి. అక్క నన్ను మోచేత్తో పక్కకి నెట్టింది.

"ఏందే, మొహాన అదేంది?" అంది ఆవిడ.

"మచ్చ పిన్నీ."

"మచ్చా? పొద్దున లేదే!"

"గవర్నమెంటు మచ్చ. నేను పెట్టుకున్నది కాదు." అక్క పర్సులోంచి కార్డు తీసి, వెనక్కి తిప్పి, వేలితో చూపించింది. "ఇదిగో, రాసుంది చూడు. ఇది లేకపోతే పింఛను ఇవ్వరంట. నెలనెలా చూస్తారంట."

నెలనెలా చూస్తారని ఎవరూ అనలేదు. ఆ మాట అక్కే పుట్టించింది. నేను నోరు తెరవబోయి, నా జీవితంలో చేసిన తెలివైన పనుల్లో ఒకటి చేశాను. మూసుకున్నాను.

పెద్దావిడ కార్డు తీసుకుని, చెయ్యి చాచి దూరంగా పెట్టి చదివింది. దగ్గరికి తెచ్చుకుని మళ్ళీ చదివింది. ముందు వైపు తిప్పి ఫోటో చూసింది. అక్క మొహం చూసింది. కార్డు తిరిగి ఇచ్చేటప్పుడు గొంతు బాగా తగ్గించి అడిగింది.

"నేనింకా కార్డుకి ఇవ్వలేదు. ఆ సెంటరు ఎన్నింటిదాకా ఉంటదే?"